చెప్పినట్టు వినే గుడ్డ

మురుగేశ్‌పాళ్యలో బేకరీ మేడ మీద, రేకుల గదిలో
చీరలకు కుచ్చిళ్ళు పోసి, ఇస్త్రీ చేసి, పెట్టెలో సర్ది ఇస్తాను.
చీర కట్టుకోవడం రాని పిల్లలు కూడా
నాలుగు నిమిషాల్లో పెళ్ళికి బయల్దేరతారు.

వచ్చిన చీరను ముందు గుప్పిట్లో నలిపి వదులుతాను.
గుణం అక్కడే తెలుస్తుంది.

జార్జెట్ మెతకది, ఎటు తోస్తే అటు జారుతుంది.
క్రేపు ఒద్దికైనది.
ఇరవై ఏళ్ళు ఉతికిన నూలు చీర మచ్చికైన పిల్లి,
పిలవకముందే ఒళ్ళో పడుకుంటుంది.
ఆర్గంజా అట్లా కాదు.
ఇక్కడ నొక్కితే అక్కడ లేస్తుంది.
కొత్త ధర్మవరం పట్టయితే
మడత వేసి ఇటు తిరిగేలోగా
విప్పుకొని కూర్చుంటుంది.
"మొండిదానా, పొగరుబోతుదానా" అని తిడతాను,
పళ్ళ మధ్య పిన్నీసులు పెట్టుకొని.

మొన్న కరెంటు పోయింది.
చల్లారుతున్న ఇస్త్రీ పెట్టె పక్కన ఊరికే కూర్చుంటే అనిపించింది,
ఈ మాటలు నాకు యాడివి?
గుడ్డల దగ్గర నేర్చుకున్నవి కావే.

కదిరిలో మా పెద్దమ్మ అనేది,
"నోట్లో నాలుక లేని పిల్ల."
బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో కాలర్లు కుట్టినన్నాళ్ళూ
సూపర్‌వైజర్ నా పేరు పక్కన "తొందరె ఇల్ల" అని రాసేవాడు,
ఇబ్బంది లేని మనిషినని.
ఆ మరుసటి వారమే
గంటకు అరవై కాలర్లు డెబ్బై అయ్యేవి.
మా ఆయన ఓబులేసు స్నేహితుల ముందు
"మా దానితో ఏ పేచీ లేదప్పా, యాడుండమంటే ఆడుంటుంది" అని
నా వైపు చూసి నవ్వేవాడు.
పొగడ్త అనుకునే అన్నాడు పాపం.
నేనూ పొగడ్తే అనుకొని
ఇంకో దోసె వేశాను.

గంగిగోవు. సాధువు. అణకువ. సర్దుకుపోయే గుణం.
చేత్తో తడిమి చూస్తే ఒక్క మాటకూ ముల్లు లేదు.
అన్నిటికీ పిడి ఉంది.

ఆ సాయంత్రమే వేదవల్లమ్మ వచ్చింది,
విమానాల ఫ్యాక్టరీలో రేకుల పని చేసి రిటైరయిన మనిషి.
వంకాయ రంగు కంచిపట్టు బల్ల మీద పెట్టి
"దీన్ని మరీ అణచొద్దు,
నేను వస్తుంటే చప్పుడు రావాలి" అంది.
"అణిగితేనే కదమ్మా నీటుగా ఉండేది" అన్నాను.
ఆమె ఏమీ అనలేదు.
పక్కనున్న హ్యాంగరు తీగ తీసుకొని వంచింది. వంగింది.
వెనక్కి వంచింది. వంగింది.
మోకాళ్ళ సంగతీ, మనవడి స్కూలు బస్సు సంగతీ చెబుతూ
వంచుతూనే ఉంది.
ఎన్నోసారో నేను లెక్కపెట్టలేదు,
టక్కుమంది.
"అయ్యో, నీ హ్యాంగరు" అని నొచ్చుకొని
పది రూపాయలు పెట్టి వెళ్ళిపోయింది.

రాత్రి తలుపు వేస్తూ నా బోర్డు చదివాను.
నా చేతిరాతే.
జార్జెట్, క్రేపు, నూలు: నూట ఇరవై.
ఆర్గంజా, కొత్త పట్టు: మూడు వందలు.
మాట విననిదానికే రేటెక్కువ.
రెండేళ్ళుగా గోడకు వేలాడుతోంది,
రాసినదాన్ని నేనే చదవలేదు.

మెట్ల మీద ఓనరు పుట్టస్వామి ఎదురయ్యాడు.
నీళ్ళు ఈ పూట కూడా రావట,
"స్వల్ప అడ్జస్ట్ మాడి" అంటూనే
నా జవాబుతో పని లేనట్టు దిగిపోతున్నాడు,
వారం వారం దిగినట్టే.

"ఆగల్ల సార్."

కుదరదని చెప్పడానికి ఈ ఊళ్ళో వాడే మాట.
పదకొండేళ్ళుగా చెవికి తెలుసు,
నోటికి కొత్త.
గంజి దిగని గుడ్డలాగా
కాస్త గరగరమంటూ వచ్చింది.
ఆయన ఒక మెట్టు మీద ఆగి
ఎవరన్నారా అన్నట్టు
పైకి చూశాడు.

నీళ్ళు మాత్రం మర్నాడే వచ్చాయి.