సర్దుబాటు

ల్యాబు కిటికీలోంచి తిరుమల కొండ సగమే కనిపిస్తుంది.
మిగతా సగానికి కొత్త వార్డు నీళ్ల ట్యాంకు అడ్డం.
ఆ సగం కొండ కింద కూచుని
పదకొండేళ్లుగా నేను పొంతనలు చూస్తున్నాను.
పంచాంగం అక్కర్లేదు.
భార్య సీరం రెండు చుక్కలు, భర్త కణాలు కొన్ని,
ఒక ప్లేటు, కాసింత ఓపిక.

గుర్రప్పది దామలచెరువు. మామిడి మండీలో బుట్టలు మోస్తాడు.
కిడ్నీ ఇస్తానని వచ్చిన రోజు
చేతుల మీద సొన కాల్చిన మచ్చలు.
"గ్రూపు ఒకటే మేడమ్, ఇంకేం చూడాల?" అన్నాడు.
రెడ్డెమ్మ మాట్లాడలేదు.
సూదులు గుచ్చీ గుచ్చీ ఉబ్బిన చెయ్యి కొంగు కింద దాచుకుని
ఫ్యాను వైపు చూస్తా ఉంది.

ఇంకేం చూడాలో చెప్పడం కష్టం.
రక్తనాళానికి లోపల ఒక పొర,
ఒక్క కణం మందం,
పేడతో అలికిన వాకిలంత నున్నన.
దాని మీద ప్రోటీన్లు,
ఎవరింటి ముగ్గు వాళ్లది.
కొత్త కిడ్నీలోకి వచ్చిన రక్తం
నట్టింటి దాకా పోదు,
వాకిట్లోనే ఆగి ముగ్గు చూస్తుంది.
తెలియని ముగ్గయితే తీరిగ్గా తగువు పెట్టుకుంటుంది.
తెలిసిందైతే
అప్పటికప్పుడే.

ప్లేటులో గుర్రప్ప కణాలు చచ్చి రంగు పీల్చుకున్నాయి.
మళ్లీ చేశాను. మళ్లీ అంతే.
"ముగ్గురు పిల్లలా అమ్మా?"
"నలుగురు. ఒకటి నిలవలా."

నాలుగు కాన్పులు.
బిడ్డ మీద సగం ముగ్గు తండ్రిది.
నెత్తుట్లో కలిసిన ఆ నాలుగు గీతలూ
ఆమె ఒళ్లు మరిచిపోలేదు.
కడుపులో దాచుకుంటూనే
ఒక మూల పద్దు రాసుకుంది.

"మీ ఆవిడ రక్తం మిమ్మల్ని గుర్తుపట్టేసింది" అన్నాను.
గుర్రప్ప నమ్మలేదు.
"ఏటా గంగజాతరకి చీర కట్టి వేషమేస్తా మేడమ్,
కన్నతల్లే పోల్చుకోలేదు!"
"నేను పోలుస్తా," అంది రెడ్డెమ్మ. "నడక చూసి."
ఆమె నవ్వడం అదే మొదలు.

ప్లాస్మా ఐదుసార్లు మార్చారు.
మామిళ్లు దిగే కాలమంతా గుర్రప్ప బుట్ట ఎత్తలేదు.
జూన్‌లో ఆపరేషన్.
దీపావళికి యాంటీబాడీలు మళ్లీ వచ్చాయి.
గాజు పలక మీద ఆ ముక్కని పెట్టి
నేను ఊపిరి బిగబట్టి చూశాను.
గోడలకి అంటుకునే ఉన్నాయి, వరసగా.
గోడ మాత్రం చెదరలేదు.

రాళ్లు పడుతూ ఉంటే ఆ పొర కణాలు
లోపల్లోపలే కాచుకునే ప్రోటీన్లు చేసుకుంటాయని
పెద్ద డాక్టరు చెప్పారు.
ఎందుకు కొందరిలోనే అంటే ఆయనా చేతులు తిప్పారు.
దానికి ఇంగ్లీషులో పెద్ద పేరుంది.
నేను నా నోటు పుస్తకంలో
సర్దుబాటు అని రాసుకున్నాను.

పుత్తూరు బస్టాండులో మా అమ్మ
ఆ మాట నాకు రెండుసార్లు చెప్పి బస్సెక్కించింది.
ఆయనకి ఎవరూ చెప్పలేదు.
ఇక్కడ మాత్రం
ఆడమనిషి ఒంట్లోకి కాపురానికి వచ్చి
సర్దుకుంటున్నది గుర్రప్ప ముక్క.

మందు లెవెల్ పరీక్షకి రెడ్డెమ్మ మంగళవారాలు వస్తుంది.
చెయ్యి చాపుతూ అడుగుతుంది:
"ఎట్టుండాడు మేడమ్ లోపల?
తగువు పెట్టుకుంటా ఉండాడా?"

"పెట్టుకుంటున్నది నువ్వమ్మా" అంటాను
దూది నొక్కిపట్టి.