నూరు కోళ్ల మందు

తప్పు నాదే.
ముద్దనూరు సంతలో మెడకు ఈకల్లేని పెట్టను
ఐదు నూర్లు చెప్తే మూడు నూర్ల ఎనభైకి తెగ్గొట్టి
గెలిచినట్టు కొంగులో చుట్టుకొని వచ్చినా.
కొత్తదాన్ని వేరే గంప కింద పెట్టల్లని తెలుసు.
తెలిసి గుడకా ఆ రాత్రే గూట్లోకి తోసినా.

గూడంటే పాలీసు ఫ్యాక్టరీ పారేసిన బండముక్కలు,
మూల ఇరిగినవి, కోత తప్పినవి.
నల్లబండ మీద సుద్దముక్కతో నా లెక్క:
ఏ పెట్ట ఎన్ని గుడ్ల మీద కూర్చుందో,
ఇరవై ఒకటో దినం ఎప్పుడో.
ఐదోనాటి నుంచి అదే బండ మీద
వేరే గీతలు మొదలైనాయి.

ముందు ఆకుపచ్చ రెట్ట.
తర్వాత ఎండలో నిలబడి కునుకు,
రెక్కలు నేలకు జారేసి.
నోరు తెరిచి గాలిని నమిలినాయి.
చల్లిన నూకలు చల్లినట్టే ఉంటే
చీమలు మోసుకుపోయినాయి.
పుంజు కూత మొదలుపెట్టి
సగంలో గురక చేసింది.

కొక్కెర, అనుకున్నా,
పేరు పైకంటే ఇంకొకటి వాలుతుందేమోనని
పెదాలు కదపకుండా.

సందకాడ మౌలాలి బండి ఆపినాడు,
రెండు పక్కలా ఖాళీ గంపలు.
"కాళ్ల మీద నిలబడేవి ఇయ్యి మే, ఒక్కోటి నూరు.
రేపటికి అదీ రాదు."
పదకొండు నిలబడుండాయి. పదకొండు నూర్లు.
ఆ గంపలు పోయి ఏ వాకిట్లో దిగుతాయో
నాకు తెలీదా? పోయిన సంతకు
ఆ వాకిలి నాదే గదా.
"లేదు పో" అన్నా.
అన్నంత తేలిగ్గా తెల్లారలేదు.

మూడడుగుల గుంత తవ్వమంటే
పక్కీరప్పకు అడుగున్నరకే బండ తగిలింది.
ఈ నేలలో ఏది పూడ్చాలన్నా
ముందు గడ్డపారను ఒప్పించల్ల.
కింద సున్నం, మీద సున్నం,
కుక్కలు తవ్వకుండా ఆపైన కంప.
సున్నానికి మాత్రం మాకు కరువు లేదు.

ఎర్రగుంట్ల పశువులాసుపత్రిలో
జయరాముడు నా మొగం చూడకుండానే చెప్పినాడు:
"నీవాటికి చేసేదేం లేదక్కా.
మీ వీధికి మాత్రం ఉండాది."
వేలెడు సీసా. ఫ్లాస్కు నిండా ఐసు.
"ఇది నూరు కోళ్ల మందు.
కలిపినాక రెండు గంటలు. ఆపైన వట్టి నీళ్లే."

నూరు కోళ్లు ఒక ఇంట్లో యాడుంటాయి?
నాలుగు ఈడ, ఆరు ఆడ,
మధ్యన గోడలు, గోడల మీద సీసాపెంకులు.
కాలవ నీళ్ల కాడ మాటలు తెగి
సుంకమ్మ నాతో పలక్క రెండేండ్లు.

బ్లీచింగు నీళ్లలో కాళ్లు కడిగి,
చెప్పులు ఇంట్లోనే ఇడిచి,
ఏ గడపా తొక్కకుండా వీధి నడుమ నిలబడి
ఎనిమిది వాకిళ్లకు ఎనిమిది సార్లు చెప్పినా:
తప్పు నాదే.
మొదటిసారి గొంతు పట్టుకుంది.
ఎనిమిదోసారికి అది వట్టి కబురు,
నీళ్ల ట్యాంకరు వచ్చిందన్నట్టు.

పొద్దుమునిగి కోళ్లు గూట్లు చేరినాక
నేను కరెంటు స్తంభం కాడ, ఫ్లాస్కుతో.
ఒక్క కోడినీ ముట్టలేదు.
నా చేతులను నేనే వెలేసుకున్నా.
సెల్‌ఫోన్ల వెలుతురులో వేరే చేతులు
రెక్కలు అదిమి, తల వంచి,
కంట్లో చుక్క.
రెప్ప వేస్తే పోయినట్టు లెక్క.

మొదట పలికింది సుంకమ్మే:
"ఫ్లాస్కు ఆడ పెట్టి రోంత వెనక్కి జరుగు మే."
జరిగినా.
రెండేండ్లకు పలికిన మాట,
వెనక్కి జరగమన్నా తియ్యగానే ఉండింది.

ఎనభై ఏడు. మిగతా చుక్కలు
దిగువ వీధికి పరిగెత్తినాయి.

నావి ఇరవై రెండింటిలో మిగిలింది ఒకటి.
మెడ తిరిగిపోయింది, ఎప్పుడూ ఆకాశం పక్కకే చూపు.
గింజను కాదు, గింజ పక్కన మట్టిని పొడుస్తాది.
బండ మీద గీతలు వానకు పోతాయిలే అనుకున్నా.
వాన రాలేదు.
గింజలు మాత్రం రోంత ఎక్కువే చల్లుతాండా,
అది యాడ పొడిచినా
ఒకటైనా తగలల్లని.