ఆరు పెట్టకండి

చాదర్‌ఘాట్ వంతెన దిగాక
రక్తనిధి వెనక, మెట్ల కింద ఒక గది.
గదిలో పాత సర్వరు,
దాని నెత్తిన ఎప్పుడూ ఎవరిదో ఒక హెల్మెట్.
అది ఎన్ని రకాలుగా నిద్ర లేవగలదో
తెలుగులో రాసిపెట్టమన్నారు నన్ను.
రాత్రి డ్యూటీ వాళ్లకి అర్థమయ్యేట్టు.

శ్రీగిరి సార్ రిటైరవుతూ ఇచ్చిన కాగితంలో
సున్నా నుంచి ఆరు దాకా అంకెలున్నాయి.
పక్కన ఒక్కో మాట. అంతే.
చాకలి పద్దుకైనా ఇంతకంటే వివరం ఉంటుంది.

సున్నా అంటే ఆగిపోవడం.
ఇది రాయడానికి నిమిషం పట్టలేదు.
ఒకటి దగ్గర ఒక సాయంత్రమంతా పోయింది.
"ఒకే వాడుకరి" అని రాసి కొట్టేశాను.
"ఏకాంతం" అని రాసి, నవ్వొచ్చి, అదీ కొట్టేశాను.
చివరికి ఇలా కుదిరింది:
తలుపులన్నీ మూసి, ఒక్క దీపం ఉంచి,
బాగుచేసే మనిషిని మాత్రమే లోపలికి రానిచ్చే స్థితి.
నెట్‌వర్కు ఉండదు. బొమ్మలుండవు.
నల్లటి తెర మీద ఆరి వెలిగే చిన్న గీత,
"ఊఁ, చెప్పు" అన్నట్టు.

మూడులో అందరూ రావచ్చు, కనబడేవి అక్షరాలే.
ఐదంటే అదే మూడు, ముస్తాబై.
రెండుని ఈ గదిలో ఎవరూ వాడిన గుర్తు లేదు.
వాడనిదాన్నీ రాయాలి, అది పద్ధతి.

నాలుగు దగ్గర సార్ కాగితంలో ఏమీ లేదు.
ఫోన్ చేస్తే, వనస్థలిపురం నుంచి
కుక్కరు కూతల మధ్య చెప్పారు:
"నిర్వచించలేదు అని రాయమ్మా.
ఎవరికి కావాల్సింది వాళ్లు పెట్టుకుంటారు.
ఖాళీ అని రాశావో,
ఎవడో ఒకడు చెత్త పోస్తాడు."

జూన్‌లో ఒక రాత్రి, వాన.
ఒకటిన్నరకి ఇలియాస్ ఫోను:
"మేడమ్, ఇది లేస్తుంది, మళ్ల పంటుంది.
మళ్ల లేస్తుంది. పదిహేనుసార్లు లెక్కవెట్టిన.
నేనేం చెయ్యలే, ఒక్క అంకె మార్చిన అంతే."
ఏ అంకె?
"పెద్ద అంకె పెడితే జల్ది షురూ అయితదనుకున్న."

ఆరంటే మళ్లీ మొదలవడం.
రోజూ లేవాల్సిన స్థితి అదేనని ఫైల్లో రాస్తే
యంత్రం కళ్లు తెరిచి, ఆ అంకె చదివి,
చెప్పినమాట వింటుంది.
తెల్లార్లూ వింటూనే ఉంటుంది.

మలక్‌పేట నుంచి ఆటోలో చేరేసరికి
మూసీ వాసన మెట్ల దాకా ఎక్కి ఉంది.
ఇలియాస్ నోటుపుస్తకంలో గీతలు కొట్టి
ఫ్రిజ్‌లో సంచులు చేత్తో లెక్కిస్తున్నాడు:
ఓ నెగెటివ్ రెండు. బి పాజిటివ్ పదకొండు.
ఉస్మానియా నుంచొచ్చిన వార్డుబాయ్
గొడుగు మూయకుండానే నిలబడి,
రెంట్లో ఒకటి తీసుకుని, సంతకం పెట్టి,
వానలోకి పరిగెత్తాడు.
ఆ గీత ఒకటి అడ్డంగా కొట్టేశాక
ఇలియాస్ నా వైపు చూశాడు.

లేవడానికీ పడడానికీ మధ్య
మూడు సెకన్ల సందుంటుంది.
అక్కడ వేలు పెట్టి ఆపి
వరస చివర "ఒకటి" టైపు చేశాను.
తలుపులు మూసుకున్నాయి.
గీత వెలిగింది. ఊఁ, చెప్పు.
ఆరు చెరిపి మూడు పెట్టాను.
"పండుకోదు గద మళ్ల?"
ఫ్యాను చప్పుడు వింటూ ఇద్దరం
చాలాసేపు ఏమీ ముట్టుకోలేదు.

తెల్లారి నా ప్రతిలో ఒక వాక్యం చేర్చాను:
"మొదలయ్యే స్థితిగా సున్నా గానీ ఆరు గానీ పెట్టకండి."
ఎందుకో రాయలేదు. ఎవరో రాయలేదు.
సరిచూసుకుందామని సార్ కాగితం తిరగేస్తే
వెనక, పెన్సిలుతో, సగం చెరిగి,
దాదాపు అదే వాక్యం.
కింద పాత తేదీ, ఆయన పొట్టి సంతకం,
సమయం: రాత్రి రెండూ పది.

పుస్తకం అచ్చయి గోడకి వేలాడుతోంది.
మొన్న వెళితే నాలుగో పేజీలో
"నిర్వచించలేదు" పక్కన
ఎవరో బాల్‌పెన్నుతో రాశారు: చాయ్.
కొట్టేద్దామని పెన్ను తీశాను.
రెండు గ్లాసులు ఒకే చేత్తో పట్టుకుని
ఇలియాస్ మెట్లు దిగుతున్నాడు.