మూడో గేరు

"ఎంత కావాలి?" అన్నాడు జాన్ సైదా,
కందిపప్పు తూచేవాడిలా.
పక్క షెడ్డులో గ్రైండరు నిప్పులు చిమ్ముతోంది.
ఆటోనగర్ మధ్యాహ్నం, రేకుల కింద
ఇనుమూ మనుషులూ ఒకటే వేడి.
నేను చెయ్యెత్తి చూపించాను
సాలూరు ఘాటు ఎంత ఎత్తుంటుందో.

నవ్వలేదు.
"బండి ఏ మోడలు?"
"రెండువేల మూడు."
"స్క్రూ తిప్పితే ఎవడైనా తెప్పిస్తాడు పవరు.
మూడు నెలలు ఏనుగులా లాగుద్ది.
నాలుగో నెల గాస్కెట్టు కొట్టేసి
నడిరోడ్డు మీద కూలబడుద్ది.
పదిహేను గుర్రాలిస్తా.
పదహారోది అడక్కు."

పంపు విప్పి బల్లకి బిగించాడు.
ఆరు గాజు గొట్టాలు, ఆరు సన్నటి ధారలు.
రేషన్ షాపులో కిరోసిన్ కొలత చూసే కళ్ళతో
ఇద్దరం వంగి చూశాం.
ఐదింట్లో ఒకటే మట్టం.
ఆరోదాంట్లో వేలెడు తక్కువ.

"చూశావా," అన్నాడు.
అంతకుమించి అనలేదు.
ఎన్నేళ్ళుగా లాగిందో ఆ ఆరోది
అరకడుపుతో, నోరెత్తకుండా.
నేనేమో ప్రతి మెరక మీదా
బండి మొత్తాన్ని బూతులు తిట్టాను.

నాజిల్స్ ఆరూ కొత్తవి వేశాడు,
కింద గోరంత పల్చటి వాషర్లు.
గాలి ఫిల్టరు దులిపితే
రెండు గుప్పిళ్ళ ఎర్ర దుమ్ము.
బస్తర్ మట్టో మిర్చి యార్డు కారమో
తుమ్మితే గానీ తెలియలేదు.
ఇంటర్‌కూలరు మాత్రం పాతదే,
తుక్కు షాపులో తూకానికి కొన్నాం.
వంగిపోయిన దాని రెక్కల్ని
మొహిద్దీన్ అనే కుర్రాడు విరిగిన దువ్వెనతో
పొద్దుగూకేదాకా దువ్వాడు,
పెళ్ళికొడుకుని చేస్తున్నట్టు.

ముప్పై ఒక్క వేలు. చీటీ పాడిన డబ్బు.
ఫోన్లో సామ్రాజ్యం అడిగింది:
"ఎంత పెరిగింది?"
"కొంచెం."
"కొంచేనికి ముప్పై ఒక్క వేలా?"

స్టార్ట్ చేసి రేజ్ చేశాను.
జాన్ సైదా సైలెన్సరు వెనక నిలబడి
పొగని బియ్యం గింజల్లా పరీక్షించాడు.
"నల్లగా వస్తే బలమనుకుంటారు మీ డ్రైవర్లు.
అది కాలని డీజిలు.
తిండికి లేని ఇంట్లో
పొంగి పొయ్యిలో పడ్డ గంజి."
ఇంకో పావు చుట్టు వెనక్కి తిప్పాడు.
నా గుర్రాల్లో ఒకటి పోయిందేమో,
నేను లెక్క అడగలేదు.

మంగళవారం గుంటూరులో టిక్కీలెత్తి
వారధి మీదుగా బయల్దేరాం, రాయపూరు లోడు.
సాలూరు దాటాక ఆ మలుపు.

ఇరవై ఏడేళ్ళ కింద నేను క్లీనర్ని.
అది రాగానే తలుపు తీసి దూకేవాణ్ణి.
భుజాన అడ్డుచెక్క.
వెనక టైరు పక్కనే నడక.
బండి ఆగి వెనక్కి జారితే
టైరు కింద పెట్టాల్సింది చెక్క, కాలు కాదు.
ఒక వాన రాత్రి రెండూ పెట్టాను.
చెప్పులు కొనేటప్పుడు తప్ప
ఆ చిటికెన వేలు గుర్తురాదు.

మలుపులో నా చెయ్యి అలవాటుగా
రెండో గేరు కోసం లేచింది.
ఇంజను వద్దంది.
పరుగేం తీయలేదు, ఎవర్నీ దాటలేదు.
కొత్త పన్నెండు టైర్ల బండి ఒకటి
హారన్ కొట్టుకుంటూ మమ్మల్నే దాటిపోయింది.
పోనీ.
మాది మూడులోనే, మూలగకుండా,
గడప దాటే నిండు చూలాలిలా తిరిగింది.

పక్క సీట్లో యేసోబు,
దూకడానికి సిద్ధంగా కూర్చున్నవాడు,
ఎప్పుడు నిద్రపోయాడో!
ఒళ్ళో అడ్డుచెక్క,
చెక్క మీద గడ్డం.
లేపలేదు.
హీటు ముల్లు వంక చూశాను.
మధ్యలోనే ఉంది.