బెల్టు

హాప్సలు ఆసుపత్రిలో డాక్టరు
తెరమీది బొమ్మను మావైపు తిప్పి
ఒక్క మాట అన్నాడు.
అందులో ఎన్ని అక్షరాలున్నాయో
లెక్కపెడుతూ కూచున్నాను,
వినకుండా ఉండటానికి.

హెల్యు మాత్రం తల ఊపింది,
ఎవరో కొత్త ఇంటి నంబరు చెబితే
గుర్తుపెట్టుకున్నట్టు.
ముప్పై నాలుగేళ్లు దీవి మొత్తానికీ ఉత్తరాలు పంచిన మనిషి.
ఏ కుక్క కరుస్తుందో
ఏ కుక్క కరిచేట్టు నటిస్తుందో
ఏ ముసలమ్మ కవరు చింపకముందే ఏడుస్తుందో
అన్నీ ఆ తలలోనే ఉండేవి.

ఉండేవి అన్నానా?
చూశారా, బయటికొచ్చి పావుగంట కాలేదు,
అప్పుడే ఆమెను భూతకాలంలోకి దించేశాను.

పక్కగదిలో నర్సు మారికా
మా ముందు కాఫీ పెట్టి అంది:
"తప్పు దిద్దకండి.
దిద్దిన ప్రతిసారీ ఆమెకి గుర్తుండేది
తప్పు కాదు, మీ మొహం."
ఒళ్లు మండింది నాకు.
నలభై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి,
దిద్దడం తప్ప ఏం చేతనవును?
తలుపు దగ్గర నా ఒక్కడితో ఇంకో మాట:
"ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి.
మీకొస్తే మీరూ."
నేను టోపీ పెట్టుకున్నాను.

ఎన్నేళ్లకో ఈసారి సముద్రం గడ్డకట్టి దారి ఇచ్చింది.
మా దీవికి ఇరవై ఐదు కిలోమీటర్లు, నీళ్లమీదే.
రెండువైపులా మంచులో గుచ్చిన జూనిపర్ కొమ్మలే హద్దు.
మొదట్లో పలకమీద రాసి ఉంటుంది:
ఆగకూడదు.
ముందు బండిని అంటుకుని పోకూడదు.
ఇరవై ఐదుకీ నలభైకీ మధ్య నడపకూడదు,
అడుగున అల లేచి మంచును విరుస్తుంది.
నిదానం, లేదా వేగం.
నడిమధ్యనే ఉంది గండం.

కొంత దూరం పోయాక అడిగింది:
"లైనెని చూసొద్దామా? ఒంట్లో బాగాలేదట."
లైనె పోయి తొమ్మిదేళ్లు.
నోటిదాకా వచ్చింది, తేదీతో సహా.
మింగాను. చేపముల్లులా అడ్డం తిరిగింది.
"వెళితే మనకేం పెడుతుంది?" అన్నాను.
"ఏముంది, ఉప్పుచేప, నల్లరొట్టె.
వెన్న దగ్గరే చెయ్యి రాదు."
నిజమే. లైనె రాసిన వెన్న
రొట్టెకి కూడా తెలిసేది కాదు.
తొమ్మిదేళ్ల తర్వాత
లైనె మీద విరగబడి నవ్వాం, ఇద్దరమూ.

నవ్వు ఆగాక నా మోచెయ్యి తట్టింది.
"ఎండెల్, బెల్టు."
"ఏమైంది?"
"మంచుమీద పెట్టుకోకూడదుగా. మునిగితే ఎలా బయటపడతావు?
నాది ఒడ్డునే తీసేశాను.
నువ్వు మర్చిపోయావు."

నువ్వు మర్చిపోయావు.
ఆ మాట అనడంలో
ఎంత సంబరం ఆ మనిషికి!

కొక్కెం నొక్కాను. టక్.
ఛాతీమీద బిగింపు వదిలింది.
వదలగానే వచ్చేసింది, ఆసుపత్రిలో రానిది.
ఒక్కో కొమ్మా రెండై కనిపించింది.
ఆగకూడదు కదా,
ఏడుస్తూనే నడిపాను, నలభై దాటించి.
ఆమె చేతిరుమాలు తీసి ముందు అద్దం తుడిచింది,
మసక అద్దానిదే అనుకుని.
లేదా
అనుకున్నట్టు.
నేను అడగలేదు.

ఇంటిముందు దిగుతూ
"ఎక్కడికెళ్లొచ్చాం?" అంది.
"సముద్రంమీద నడిచొచ్చాం."
వంగి బూట్లు చూసుకుంది,
తడి లేదు, ఒప్పుకోనట్టు నావైపు చూసింది.
చెప్పాలి. మళ్లీ అడిగితే చెబుతాను.
మారికా రాసిచ్చిన కాగితం జేబులోనే ఉంది,
మడత విప్పలేదు ఇంకా.

గేటు దగ్గర ఆగి
పోస్టుడబ్బాలో చెయ్యి పెట్టి వెతికింది.
"ఇవాళ ఏం లేదు," అంది,
ముప్పై నాలుగేళ్లు గడప గడపకీ
అదే మాట చెప్పిన గొంతుతో,
మెత్తగా,
ఎదుటివాళ్ల మొహం చిన్నబోకుండా.