పద్నాలుగో పేజీ, ఒక తప్పు

రాత్రి పదకొండూ ఇరవై.
కురెస్సారె రేవు మీద మంచు అడ్డంగా కొడుతోంది.
పన్నెండుకల్లా వారపత్రిక టార్టూ ప్రెస్సుకు చేరాలి.
స్క్రీన్ అడుగున ఎర్ర చుక్క:
పద్నాలుగో పేజీ, ఒక తప్పు.
అక్షరాలు పెట్టె దాటి పొర్లుతున్నాయట.

చూశాను. ఏదీ పొర్లడం లేదు.
పడవల వేళలు, ఉన్ని ధర,
తొంభై నిండిన హిల్యా గారి ఫోటో,
ఎవరి గడిలో వాళ్ళు బుద్ధిగా కూర్చునే ఉన్నారు.
కందకు లేని దురద
ఈ కత్తిపీటకెందుకో.

పెట్టెను వెంట్రుకవాసి సాగదీశాను. ఎర్రగానే ఉంది.
ఫాంట్ మార్చి, మళ్ళీ పాతదే పెట్టాను.
ఫైల్ మూసి తెరిచాను.
కంటికి కనపడని గుర్తులన్నీ వెలిగించి
తలలో పేలు చూసినట్టు
ఒక్కో ఖాళీనీ పాయ తీసి చూశాను.
ఊరికే కొట్టిన ఎంటర్లు రెండు దొరికాయి.
నలిపేశాను.
ఎర్రగానే ఉంది.

మార్గిత్ కాఫీతో వచ్చి భుజం మీంచి తొంగి చూసింది.
"వదిలెయ్. అది వారం వారం చెప్పే అబద్ధమే."
నిజమే. నా భయమూ అదే.
అక్టోబరులో ఇలాగే వదిలేశాను.
ఒక సంతాప ప్రకటనలో ఆఖరి వరుస పెట్టె కిందికి జారిపోయింది:
"పూలు తేవద్దు."
ఆ చిన్న చర్చి నిండా పూలే.
వాళ్ళబ్బాయి ఫోన్ చేసి కోప్పడనైనా లేదు.

పదకొండూ నలభై ఎనిమిది.
పేజీని చిన్నది చేశాను, ఇంకా చిన్నది,
తపాలా బిళ్ళంత అయ్యేదాకా.
అప్పుడు కనిపించింది.
పేజీకి అవతల, ఏదీ అచ్చుకాని బూడిదరంగు మైదానంలో
గోరంత పెట్టె.
దగ్గరికి లాక్కుంటే, హెల్దుర్ రాసిపెట్టిన చీటీ.
ఈ లేఅవుట్ కట్టిన మనిషి,
రిటైరై ఆరేళ్ళు:
"పడవల వేళలు చదివేవాళ్ళు
కళ్ళజోడు ఇంట్లో మరిచే వస్తారు.
అక్షరం పదకొండుకి తగ్గించావంటే"

అక్కడికి పెట్టె అయిపోయింది.
మూల పట్టుకుని లాగాను:
"పడవ తప్పిన ప్రతివాడూ నాకే ఫోన్ చేస్తాడు."

చుక్క పచ్చబడింది.
ఫైల్ పంపేయొచ్చు.
చెయ్యి ఆగక పడవల వేళల మీద నొక్కి చూశాను.
తొమ్మిది.
ఎప్పుడు తగ్గించానో, ఏ ప్రకటనకి చోటు కోసమో.

పదకొండు చేశాను.
ఆఖరి రెండు పడవలూ గడి దాటి కిందికి పోయాయి.
మళ్ళీ ఎర్ర చుక్క,
ఈసారి నిజం చెబుతూ.

మార్గిత్, ప్రెస్సుకి ఫోన్ చెయ్యి,
పావుగంట ఆలస్యమని.
ఆ ఉన్ని ధర ఈ వారానికి ఎవరికి కావాలి?