ఇతరములు

పద్మనాభం దాటాక, గోస్తని పక్క మళ్ళలో
కోరాడ దాలినాయుడి సన్నాల వరి
రాత్రికి రాత్రి గుండ్రంగా పడుకుంది.
అడ్డంగా ఇరవై రెండు అడుగులు.
టేపు రెండో కొస అతని కోడలు నూకాలు పట్టుకుంది.
నేను రాసుకున్నాను. పంటనష్టం రాసుకోవడం నా ఉద్యోగం.

గట్టు మీద అప్పటికే సగం ఊరుంది.
"గాలండీ" అన్నాడొకడు.
గాలైతే పక్కమడిని ఎందుకు వదిలేసింది?
అంచు చూస్తే
మంగలి కత్తి పెట్టి తీసినట్టుంది.
"పందులు" అన్నాడింకొకడు.
పందికి వృత్తలేఖిని ఎవరిచ్చారు?
"నేవీ హెలికాప్టరు బాబూ, డేగా నుంచి లేచింది,
మా రేకులు అదిరిపోనాయి" అంది పాల సన్యాసమ్మ.
ఆవిడ రేకులు
అల్లుడు తుమ్మినా అదురుతాయి.

సంగివలస కాలేజీ కుర్రాళ్ళ మీద ఒక అనుమానం:
తాడూ పలకా తెచ్చి రీలు తీశారని.
టీకొట్టు దగ్గర పట్టుకుని అడిగాను.
ముగ్గురికీ కలిపి లెక్కలు ఇంకా పాసవలేదు.

సోషలు చెప్పి రిటైరైన జగ్గారావు మేష్టారు
కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.
"బావికొండ మీద చూశావు, తొట్లకొండ మీద చూశావు,
ఇటుకల గుండ్రాలు.
దీని కిందా ఒక స్తూపం ఉండి తీరాలి."
గునపం దింపాం.
మోచేతి లోతున జిగటమట్టి, ఒక నత్తగుల్ల.
మేష్టారు ఆ గుల్లని జేబులో వేసుకున్నారు.

మధ్యాహ్నం టీవీ బండి వచ్చింది.
మైకు పిల్ల ఆకాశం చూపించి అడిగింది:
"ఇక్కడే దిగారా?"
"ఎవులమ్మా?"
"వాళ్ళు!"
దాలినాయుడు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.
"దిగితే దిగినారు,
గట్టు మీద దిగలేకపోనారేటి?
పాలు గట్టిపడతన్న సేనమ్మా అది."

ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఎవరో పసుపు చల్లారు.
నూకాలు చెప్పులు విడిచి లోపలికి నడిచింది.
ఒక దుబ్బు ఎత్తి చూపించింది.
కాడ విరగలేదు, బరువుకి వాలింది.
ఆకు నల్లగా, ఏపుగా, మదమెక్కి ఉంది.
"యూరియా ఎక్కువేశారా?"
"చేటెడు కూడా ఎయ్యలేదండి ఈ మూల."

అప్పుడు దాలినాయుడు, ఎవరినీ చూడకుండా,
"కళ్ళం" అన్నాడు.

వాళ్ళయ్య నాటి కళ్ళం.
నడుమ రాట, రాటకి ఎద్దులు,
లోపలిది ముసలిది, బయటిది వయసుది,
ముసలిదాని అడుగు చిన్నది కాబట్టి
దానికి లోపలి దారి.
ఏటా పేడతో అలికిన నేల, ఎద్దులు కూడా వేస్తూ తిరిగిన నేల.
నూర్పిడి మిషను వచ్చాక దున్ని మడిలో కలిపేశారు.
ముప్పై ఏళ్ళయింది.

"ముప్పై ఏళ్ళుగా పడనిది ఈ ఏడే ఎందుకు పడింది?"
"లోతు దుక్కి దున్నించాం గదండీ" అంది నూకాలు.
"ఏమో బాబూ" అన్నాడు అతను.

నాకు ఆ రెండు జవాబులూ నచ్చాయి.
కానీ కంకులన్నీ ఒకే వైపు తిరిగి పడుకున్నాయి,
దాలినాయుడి చెయ్యి గాలిలో
ఎద్దుల్ని ఎటు తోలిందో అటే.
నట్టనడుమ ఒక్క దుబ్బు నిటారుగా ఉంది.
రాట అక్కడే ఉండేదట.
దాన్ని నేను ఫొటో తీయలేదు.

ఫోన్లో కారణం గడి తెరిచాను:
తుపాను. ముంపు. తెగులు. అడవి జంతువులు. ఇతరములు.
ఎద్దులు లేవు.
ఇతరములు నొక్కి పంపాను.
సిగ్నలు అందక, తెరమీద చిన్న సున్నా
తిరుగుతోంది, తిరుగుతోంది.

నూకాలు ఆగలేదు.
నాలుగేసి దుబ్బులు ఎత్తి కలిపి
జడచుట్లు వేసుకుంటూ
అంచు నుంచి లోపలికి వస్తోంది.